గాలం మింగిన ఆరు చేపలు

గాలం మింగిన చిన్న చేపను చెరువులో వదిలినా బతకదని, కూర వండుకోవడమే మేలని మా తమ్ముడి వాదన. గాలం పీకకుండా దారం కత్తిరిస్తే బతుకుతుందని నాది. తేల్చుకోవడానికి అలాంటి ఆరింటికి దారం కత్తిరించి, ఇంటికి తెచ్చి నీళ్ల డ్రమ్ములో వేశాను. సగానికి మించి చస్తే ఇక గాలం ముట్టనన్నాను. బతికితే కత్తెర కొంటానన్నాడు.

మూడు రోజులు పూటపూటకూ లెక్క రాశాను. ఒకటి పోయింది, ఐదు ఈదుతున్నాయి.

"నీ మాదిరే మొండివి ఉండాయి అక్కా," అన్నాడు.

ఐదింటినీ బిందెలో పెట్టుకుని, వాటిని పట్టిన చెరువులోనే వదలడానికి ఇద్దరం ఆత్మకూరు బస్సెక్కాం.

"చేపలకి టికెట్టు ఎవరు తీస్తారవ్వా?" అన్నాడు కండక్టరు.

"ఇవన్నీ ఆడవే. ఆడోళ్లకి ఫ్రీ కదా నాయనా," అన్నాను.

బస్సంతా నవ్వింది. చెరువు చేరేదాకా నాకూ నవ్వాగలేదు. ఐదూ నీళ్లలోకి జారిపోయాక, తమ్ముడు కత్తెర కొనడానికి బజారుకు నడిచాడు.