నాంపల్లిలో ఎగిరిన డ్రోన్

దయ్యాల కథ ఎవరైనా చెబితే, ఎంత దూరం, ఎంతసేపు అని అడగడం నాకు అలవాటు. ఆ రెండూ అడిగితే చాలు, కథ నిలవదు. ఇప్పటికీ నేను దయ్యాలను నమ్మను.

ఆబిడ్స్‌లో నాకు బ్యాటరీల దుకాణం ఉంది. చదువు పదో తరగతి దాటలేదు. ఏ బ్యాటరీ ఎంత బరువు మోస్తే ఎంతసేపు వస్తుందో సొంతంగా లెక్క కట్టడం నేర్చుకున్నాను. తమ్ముడు రమేశ్ పెళ్లిళ్లకు డ్రోన్‌తో వీడియో తీస్తాడు. సైనిక స్థలాల మీద ఎగరేస్తే కేసవుతుందని వాడికి బాగా తెలుసు. అటువైపు పెళ్లిళ్లకు ఎవరెంత బతిమాలినా ఒప్పుకోడు.

ఒక మధ్యాహ్నం నాంపల్లిలో, అనుమతితోనే, పెళ్లి ఊరేగింపు బరాత్ మీద ఎగరేశాడు. నేను పక్కనే ఉన్నాను. పైకి లేచిన డ్రోన్ రిమోట్‌కు అందకుండా పోయింది. చుట్టుపక్కల మేడలన్నీ వెతికాం. సాయంత్రం పోలీసులు వచ్చి రమేశ్‌ను తీసుకెళ్లారు. నగరం అవతల, ఒక సైనిక మైదానం గోడ లోపల అది దొరికిందట.

స్టేషన్‌లో నేను లెక్క చెప్పాను. బ్యాటరీ పూర్తిగా నిండి ఉన్నా నాంపల్లి నుంచి ఆ మైదానానికి సగం దూరం కూడా పోదు. పైగా ఆ రోజు ఎదురుగాలి. ఇన్‌స్పెక్టర్ ఓపికగా విన్నాడు.

“లెక్క మంచిగనే ఉందన్నా,” అంటూ డ్రోన్‌లోని వీడియో పెట్టాడు. “మరి గీడ నిలబడ్డది ఎవరు?”

మొదట బరాత్ గుర్రం, రైల్వే స్టేషన్ కప్పు కనిపించాయి. తర్వాత తెర కాసేపు తెల్లబడింది. వీడియో మాత్రం ఎక్కడా తెగలేదు. తెలుపు పోయేసరికి కింద మైదానం, వరుసగా ఆకుపచ్చ లారీలు. మధ్యలో ఒక మనిషి రిమోట్ పట్టుకుని పైకి చూస్తున్నాడు. కెమెరా కిందికి దిగింది. రమేశ్. అదే చొక్కా.

“పెండ్లిల ఉన్నడంటివి. మిలిటరోళ్ల పెండ్లి గూడ జేస్తున్నడా ఏంది?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

బెయిల్ రాలేదు. గూఢచర్యం అనే మాట కాగితాల్లో చేరింది. వీడియోను ఎవరూ మార్చలేదని పరీక్షలో తేలిందట. పెళ్లివాళ్లు భయపడి సాక్ష్యానికి రామన్నారు. సొంత అన్న సాక్ష్యానికి విలువుండదని వకీలు అన్నాడు. అయినా చెబుతానన్నాను.

జైల్లో ములాఖత్‌కు వెళ్లినప్పుడు అదే మాట రమేశ్‌కు చెప్పాను.

“డ్రోన్ లేచినప్పటి సంది నా చెయ్యి నీ భుజం మీదనే ఉండె. కోర్టుల గదే చెప్త. ఫికర్ చెయ్యకు.”

వాడు అవతలి నుంచి ఇనుప జాలీకి దగ్గరగా వంగాడు.

“నాకు గా మైదానంల గడ్డి యాదికున్నదన్నా. కాళ్లకు గుచ్చుకున్నది. నువ్వు పట్టుకున్నది ఎవరి భుజం?”

వచ్చే వాయిదాకు వాడి తరఫున ఉన్న సాక్షిని నేనొక్కణ్ణే.