నాయనమ్మ గవ్వ మీది గీత

నిన్న ఇంటికి సున్నం వేయిస్తుంటే అటక మీది రేకు డబ్బాలో నాయనమ్మ గవ్వ దొరికింది. మూత తీయంగనే కలరా ఉండల వాసన గుప్పుమంది. మా వాకిట్ల ఆడిన చండ్రుగొండ దోస్తులారా, యాదికున్నదా? అరచెయ్యంత గవ్వ, తెల్లటి ఒంటి నిండా ఇటుక రంగు త్రికోణాలు, అచ్చం అద్దకం చీర లెక్క. కోస్తా నుంచి కాపురానికొస్తూ తెచ్చుకున్నదని దాన్ని ఎవ్వర్నీ ముట్టనిచ్చేది కాదు.

ఓరోజు మిరపకాయలు ఆరబోసిన కాడ అది నా చేతిలోంచి జారి బండ మీద పడ్డది. తీసి చూస్తే అడ్డంగా గీత, ఆడికెళ్లి డిజైనే తప్పింది. గప్‌చుప్‌గా గూట్లో పెట్టేసిన. నాయనమ్మ ఏమీ అనలే. ఆమె పోయినంక గవ్వ కూడా కనపడలే. నా భయం మాత్రం పోలే.

ఖమ్మంలో జువాలజీ చదివే పక్కింటి పిల్ల నిన్న ఆ గీతను గోటితో తడిమి చూసింది.

"ఇది పడితే వచ్చింది కాదాంటీ. లోతు సముద్రంల బతికే నత్త ఇది. పీతేదో గుల్ల విరగ్గొడితే తనే మళ్లీ కట్టుకుంది. అందుకే ఆడి నుంచి డిజైన్ మారింది."

అంటే నేను పుట్టకముందే పగిలి, అతికింది! ప్రాణం లేచొచ్చింది నాకు. తల్లాడలో ఉన్న తమ్మునికి జల్దీ ఫోన్ చేసి మొత్తం చెప్పిన.

"నిజంగానా అక్కా? నేనే పగలగొట్టిననుకొని దాన్ని అటక మీద దాచింది నేనే."