ఐలేశం బావ బొమ్మలు చూసే పద్ధతి

మోత్కూరు పక్కన గొర్లు కాసుకునే ఐలేశానికి ఒకటే పిచ్చి. బొమ్మ కనబడితే దాని కథ పైకి చెప్పనిదే అక్కడి నుంచి కదలడు. కథ తెలిస్తే గంట పడుతుంది. తెలియకపోతే రెండు గంటలు.

ఇందులో ఆయన తప్పేమీ లేదు. ఆ ఊళ్లలో బొమ్మ అంటే గుడ్డ మీద రాసిన పటం. పటం విప్పితే ఒకరు కర్రతో చూపిస్తూ కథ చెప్పాలి, ఇంకొకరు ఊఁ కొట్టాలి. అందుకే మొదటిసారి హైదరాబాదులో మ్యూజియానికి వెళ్లినప్పుడు ఒక పటం ముందర గొంగడి పరిచి కూర్చుని, కథ చెప్పేవాళ్ల కోసం గంటన్నర ఎదురు చూశాడు. ఎవరూ రాలేదు.

"పటం గిట్ల ఇడిచిపెట్టి యాడికి పోయిండ్రు వీళ్లు?" అని విసుక్కుని, తానే లేచి చేతికర్ర ఎత్తాడు.

ఇక ఊఁ కొట్టే మనిషి కావాలి. ఆ భాగ్యం బామ్మర్ది సైదులుకు దక్కింది.

సైదులు నల్లగొండలో సర్కారు దఫ్తరు చప్రాసి. భుజం మీదుగా ఎర్ర పట్టీ, పట్టీకి ఇత్తడి బిళ్ళ. ఆ బిళ్ళను రోజూ చింతపండుతో తోమేవాడు. అంతటి మనిషి నలుగురిలో నిలబడి ఊఁ కొట్టడమంటే ఎంత నామోషీ! కానీ అక్క సత్తమ్మ మాట కాదనలేడు. "మీ బావ ఒక్కడే పోతే పట్నంల పోలీసోళ్లు పట్టుకపోతరు, జర తోడు పో తమ్మీ" అనేది ఆమె.

ఇద్దరూ కలిసి వెళ్లినప్పుడు మ్యూజియంలో జనమంతా పాలరాతి బొమ్మ దగ్గర తోసుకుంటుంటే, ఐలేశం మెట్ల కింద చీకటి మూలన ఉన్న ఒక దొరసాని పటం ముందు ఆగాడు.

"గీ దొరసానికి మూడు గొర్లు తప్పిపోయినయి."

"ఊఁ" అన్నాడు సైదులు, గొంతులోనే.

"గట్టిగ కొట్టు. కథ ఆగిపోతది."

"బావా, బొమ్మల ఒక్క గొర్రె గూడ లేదు."

"తప్పిపోయినయంటి గద. ఎట్లుంటయి?"

కాపలా జవాను వచ్చి "ఖామోష్!" అని గద్దించాడు. ఐలేశం మర్యాదగా ఆగాడు. జవాను పది అడుగులు వేసి, వెనక్కి వచ్చి, "మరి దొరికినయా?" అని మెల్లగా అడిగాడు.

జాతరలోనూ ఇదే తంతు. అందరూ రథం ముందు నిలబడి దండం పెడుతుంటే, ఐలేశం వెనక చక్రం పక్కన చెక్కిన చిన్న ఏనుగు కథ ఎత్తుకున్నాడు. సగంలో ఉండగా రథం కదిలింది. ఆయన కథ ఆపలేదు. రథంతో పాటు నడుస్తూ చెప్పాడు. వెనకాల సైదులు ఊఁ కొడుతూ పరుగెత్తాడు.

ఇదంతా ఒక ఎత్తు, అరవై మూడులో నల్లగొండ ప్రదర్శన ఒక ఎత్తు. దాన్ని నడిపేది సైదులు దఫ్తరు సాహెబే. డేరా నడుమ, అప్పుడు కడుతున్న సాగరు ఆనకట్ట నమూనా పెట్టారు. చివర, మంచినీళ్ల కుండల పక్కన, నర్సింగమ్మ రాసిన పటం కట్టారు. పటాలు రాసే ఇంటి కోడలు ఆమె. మొగుడు పోయాడు. నాలుగు నెలలు కూర్చుని రాసింది. జనం మెచ్చితే చేతిపనుల బడిలో కొలువు ఇప్పిస్తానని సాహెబు మాటిచ్చాడు. జనం వచ్చారు, నీళ్లు తాగారు, పోయారు.

మధ్యాహ్నం సాహెబు సైదులును పిలిచాడు. "దాన్ని ఎవరూ చూస్తలేరు. దించెయ్. ఆ జాగాల ఎరువుల బొమ్మలు పెడదాం."

సైదులు స్టూలు ఎక్కాడు. కింద నర్సింగమ్మ తల వంచుకుని పటం చుట్టుకునే గుడ్డ విప్పుతోంది. వెనక కర్ర చప్పుడైంది.

"బామ్మర్దీ, దిగు. బొమ్మకు అడ్డమున్నవ్."

"బావా, నీకు దండం పెడత. దించమని సాబ్ చెప్పిండు."

"కథ గాకముందు పటం చుడ్తరా ఎవ్వలన్న?" అని ఐలేశం కర్ర ఎత్తాడు. "గీ రాణి ఉన్నది సూడు..."

"రాణి కాదన్నా, చాకలామె" అంది నర్సింగమ్మ.

"అట్లనా? అయితే కథ ఇంక మంచిగుంటది."

ఒక ముక్క చెప్పి ఆగాడు. ఊఁ కోసం చూశాడు. సాహెబు అటే వస్తున్నాడు. సైదులు స్టూలు దిగి బిళ్ళ వంక చూసుకున్నాడు, నర్సింగమ్మ వంక చూశాడు, కళ్లు మూసుకుని "ఊఁ!" అన్నాడు. సాగరు కట్ట దగ్గరి జనం కూడా తిరిగి చూశారు.

నీళ్లు తాగవచ్చిన వాళ్లు చెంబులు పట్టుకుని అక్కడే నిలబడిపోయారు. చాకలామె ఏట్లో పడ్డ చోటికి కథ వచ్చేసరికి డేరా సగం అక్కడే ఉంది.

"సైదులూ! ఏందిది?" అన్నాడు సాహెబు.

సైదులు ఊఁ మానేసి చేతులు కట్టుకున్నాడు. కథ ఆగింది.

"ఊఁ కొట్టేటోణ్ణి మీరు మాటల వెట్టిండ్రు సారూ. ఆమె నీళ్లల్లనే ఉన్నది" అన్నాడు ఐలేశం.

జనమంతా సాహెబు వంక చూశారు. ఆయన గొంతు సవరించుకున్నాడు, టై సర్దుకున్నాడు, చివరికి "ఊఁ" అన్నాడు.

పటం దిగలేదు. వచ్చే నెల నుంచి బడికి రమ్మని సాహెబు అప్పుడే నర్సింగమ్మకు చెప్పాడు.

సాయంత్రం బస్టాండులో సైదులు అడిగాడు. "బావా, నడుమ గంత పెద్ద కట్ట పెట్టిండ్రు. దాని దిక్కు సూడనే లేదేంది?"

"దానికాడ శానమంది ఉన్నరు గద."

"ఉంటే?"

"మందను తోలేటప్పుడు ముందల ఉరికేదాన్ని చూస్తమా? ఎనుక పడ్డదాన్ని చూస్తంగని."

సైదులుకు మెట్ల కింద దొరసాని, చక్రం పక్కన ఏనుగు గుర్తొచ్చాయి. ఇన్నేళ్లూ సిగ్గుపడ్డందుకు ఇప్పుడు సిగ్గేసింది. ఆ గొంగడి మనిషి మీద ఎన్నడూ లేనంత ప్రేమ పుట్టింది.

బస్సు పక్కన, చిరిగిన సబ్బు ప్రకటన బొమ్మ ఒకటి గోడకు వేలాడుతోంది. ఐలేశం దాని ముందు ఆగి కర్ర ఎత్తాడు. కండక్టరు విజిల్ ఊదాడు.

సైదులు బిళ్ళ సర్దుకుని, బస్సుకు అడ్డంగా నిలబడి, గట్టిగా "ఊఁ" అన్నాడు.