అత్తమ్మ గంజుకు నేను చేసిన న్యాయం

మీ ఇంటి సజ్జ మీద ఒక గిన్నె ఉంది. దాని అంచు మీద మరొకరి పేరు ఉంది. ఇప్పుడు చెప్పండి, ఆ గిన్నె ఎవరిది?

తొందరపడకండి. నేను తొందరపడ్డాను. ఫలితంగా మా గృహప్రవేశం ఆగినంత పని అయింది, మా అవ్వ నాతో మాట్లాడడం మానేసింది, నేను కేతేపల్లిలో ఒక గొర్రె ముందు నిలబడి క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. గొర్రె వరకు ఎలా చేరానో వరుసగా మనవి చేస్తాను.

నేను నల్లగొండలో డిగ్రీ చివరి ఏడాదిలోకి వచ్చాను. కాలేజీ డిబేట్ జట్టుకు నాయకురాలిని. ఎవరైనా "బాగున్నవా?" అని పలకరిస్తే "ఏ ప్రాతిపదికన అడుగుతున్నారు?" అని ఎదురు ప్రశ్న వేసే దశలో ఉన్నాను. వేసవి సెలవులకు మోత్కూర్ వచ్చేసరికి మా కొత్త ఇల్లు పూర్తి కావచ్చింది. పాత ఇంటి సామాను సర్దే పని నా మీద పడింది.

సామాను అని తేలికగా అనేశాను. మా ఇంట్లో మనుషులం నలుగురమే: అవ్వ, ఆమె కొడుకైన మా బాపు, అమ్మ, నేను. గిన్నెలు మాత్రం నాలుగు ఊళ్ళకు సరిపోతాయి. గంజు కడుపులో బగోన, బగోన కడుపులో సర్వ, సర్వ కడుపులో చెంబు. పైగా అది పెళ్ళిళ్ళ కాలం, రెండు రోజులకొక దావత్. అది చాలదన్నట్టు, సెలవులు అయిపోగానే పెద్ద డిబేట్ పోటీ.

వెంటనే గోడ మీద టైంటేబుల్ అంటించాను. పొద్దున వాదన సాధన, మధ్యాహ్నం గిన్నెలు, సాయంత్రం దావత్‌లు. అవ్వ దాన్ని ఎగాదిగా చూసి అడిగింది.

"గిండ్ల బువ్వ తినే టైమెక్కడున్నదే?"

"దావత్‌లల్ల తింట అవ్వా."

"మరి నాతోని మాట్లాడే టైము?"

ఆ గడి నా టైంటేబుల్లో లేదు.

మొదటి రోజే సజ్జ మీద ఒక బకెట్ దొరికింది. దాని మీద ఎర్ర రంగుతో పక్కింటి సత్తెవ్వ పేరు రాసి ఉంది. ఎప్పుడో అక్కరకు తెచ్చి మరచిపోయినదట. తీసుకుపోయి ఇచ్చాను.

"పోయిందే అనుకున్న బిడ్డా! ధర్మం తెల్సిన పిల్లవు," అని సత్తెవ్వ నా తల నిమిరింది.

ఆ ఒక్క మెచ్చుకోలు నా కొంప ముంచింది. మరునాడు మిగతా గిన్నెలను పరిశీలిస్తే సగానికి పైగా వాటి అంచుల మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేర్లు కనిపించాయి. అందులో మా పేర్లు అరుదు. నేను ఆరో తరగతి నుంచి హాస్టళ్ళలో పెరిగినదాన్ని. అక్కడ కంచం మీద పేరుంటే కంచం మనది, పేరు లేకపోతే కంచమే ఉండదు. కనుక నా తర్కం చకచకా నడిచింది: ఇవన్నీ పరుల సొత్తు. మా కుటుంబం తరాలుగా ఊరిమీది గిన్నెలను దాచుకొని కూర్చుంది. ఒక్క ఉదాహరణ చూసి సూత్రం కట్టకూడదని పోటీల్లో ఎంతమందిని నిలదీశానో లెక్కలేదు. ఏం చేస్తాం, ఎదుటివాళ్ళకు చెప్పేటందుకే తర్కం!

అవ్వను ఒక్క మాట అడిగి ఉండవచ్చు కదా అంటారా? నిందితులను ఎవరైనా సలహా అడుగుతారా?

మొదట సత్తెవ్వకే ఆమె పేరున్న కూరగిన్నె కూడా ఇచ్చాను. ఈసారి ఆమె గిన్నెను చూసింది, నన్ను చూసింది, మాట్లాడకుండా లోపలికి పోయింది. మౌనం అర్ధాంగీకారం అంటారు. నేను మిగతా సగం కూడా కలిపేసుకున్నాను.

ఆ వారమే కేతేపల్లిలో బుచ్చమ్మ అత్తమ్మ మనవడి పుట్టువెంట్రుకల దావత్. అత్తమ్మ బాపుకు సొంత చెల్లె. వాళ్ళకు గొర్ల మంద ఉంది. బాపు, అమ్మ కొత్తింటి పనుల్లో ఉన్నారు, అవ్వకు బస్సు పడదు. కాబట్టి బట్టలు పెట్టి రమ్మని నన్ను పంపారు. గిన్నెల గుట్టలో అన్నిటికంటే పెద్ద గంజు మీద "బుచ్చమ్మ, కేతేపల్లి" అని ఉండడం నాకు గుర్తుకు వచ్చింది. దావత్‌కు పోయినట్టు, గంజు చేరవేసినట్టు, నలుగురిలో ఉపన్యాసం సాధన చేసినట్టు. ఒకే దెబ్బకు మూడు పిట్టలు! దెబ్బ ఎవరికి తగులుతుందన్నది మాత్రం ఆలోచించలేదు.

టెంటు కింద భోజనాల బంతి సాగుతున్నప్పుడు గంజును రెండు చేతులా ఎత్తి గొంతు సవరించుకున్నాను.

"పెద్దలారా! పరుల సొమ్ము పాము వంటిది. ఏండ్లుగా మా ఇంట్లో ఉండిపోయిన ఈ గంజు ధర్మంగా మా అత్తమ్మది. మా తప్పును దిద్దుకుంటూ, దీనిని మీ అందరి సమక్షంలో తిరిగి అప్పగిస్తున్నాను!"

వడ్డించే గంటె గాలిలో ఆగింది. నమిలేవాళ్ళు నమలడం ఆపారు. నా వాగ్ధాటికి చలించిపోయారనుకున్నాను.

బంతిలోంచి ఒక ముసలమ్మ అన్నది: "ఏందే బుచ్చమ్మా, తల్లిగారోళ్ళు నీ గంజు వాపస్ పంపిండ్రా?"

అత్తమ్మ బంతి దాటుకొని నా ముందుకు వచ్చింది. "గీ గంజు నీతోని పంపింది ఎవలు బిడ్డా? మా అన్ననా, అవ్వనా?"

"ఎవ్వరూ కాదత్తమ్మా. నా అంతరాత్మ."

"గాయనెవలు?" అన్నాడు మామయ్య.

మరునాడు అవ్వ సజ్జ కింద నిలబడి వెతుకుతున్నది. "కొత్తింట్ల పాలు పొంగిచ్చే గంజు ఏదే?"

"దాని యజమానికి అప్పజెప్పిన అవ్వా," అన్నాను, రొమ్ము విరుచుకొని.

"యజమానెవలు?"

"పేరున్నవాళ్ళు."

అవ్వ ఉన్నచోటనే గోనెసంచి మీద కూలబడింది. "ఓ పిల్లా! పేరున్నోళ్ళది కాదే, పేరున్నోళ్ళు మనకిచ్చింది! మీ బాపు లగ్గానికి నా బిడ్డ పేరు గొట్టిచ్చి పెట్టింది, మనం మర్వొద్దని. నాకు సదువొస్తదా? రోజు తోమేటప్పుడు గా సుక్కల మీద ఏలు పెడ్తే నా బిడ్డ చెయ్యి పట్టుకున్నట్టుంటది."

నేను అంతకుముందు ఎన్నో పోటీల్లో ఓడిపోయాను. గోనెసంచి మీద కూర్చున్న ప్రత్యర్థి చేతిలో ఓడిపోవడం అదే మొదలు.

అంతలో బాపు ఫోన్ మోగింది. అత్తమ్మ. ఫోన్ బాపు చెవి దగ్గర ఉన్నా మాటలు వాకిట్లోకి వినబడ్డాయి. "అన్నా, పాలు నీ బిడ్డతోనే పొంగిచ్చుకో. నేనొస్తే నా మీద గూడ పేరు సూసి వాపస్ పంపుతది!"

కొత్తింట్లో పాలు పొంగించవలసింది ఆడబిడ్డ. అవ్వ తీర్పు చెప్పేసింది: "నా బిడ్డ రాకుంటే నేను గా గడప దాట. గీడ్నే ఉంట, గిన్నెల నడుమ." ఆ తరువాత ఆమె నాతో మాట్లాడలేదు. గృహప్రవేశానికి ఇంకా నాలుగు రోజులున్నాయి.

బస్సులో కేతేపల్లి పోతూ మూడు వాదనలు సిద్ధం చేసుకున్నాను. ఒకటి, నా ఉద్దేశం మంచిది. రెండు, సాక్ష్యం అస్పష్టం. మూడు, బకెట్ విషయంలో ఇదే తీర్పు చెల్లింది. అత్తమ్మ నన్ను చూడగానే గేటు మూసింది. గేటు ఇవతల ఒక గొర్రె కట్టేసి ఉంది. సాధన అవుతుంది కదా అని మూడు వాదనలూ దానికి వినిపించి, చివర క్షమాపణ కూడా జోడించాను. అది ఒక్కదాన్నీ ఖండించలేదు. నా జీవితంలో అంత సులువుగా గెలిచిన పోటీ మరొకటి లేదు.

గేటు కిర్రుమన్నది. "గొర్రెకు సమజైంది గని నాకు గాలే. జర తక్కువల చెప్పు," అన్నది అత్తమ్మ.

మూడు వాదనలూ గొర్రెకే వదిలేశాను. "తప్పైంది అత్తమ్మా."

"గంతేనా? మొన్న మైకు లేకుండనే ఊరంత ఇనపడ్డది గదా?"

"గంతే."

"సరే, బువ్వ తిని పో."

"గంజు ఇయ్యవా అత్తమ్మా?"

"ఎట్లిస్త? నాది నాకు చేరింది. నువ్వే చెప్తివి గదా."

ఆ వాదనలో లొసుగు లేదు. ఎందుకుంటుంది, నేను కట్టినదే కదా! అన్నం తిని, ఉత్త చేతులతో తిరిగి వచ్చాను. వస్తానని గాని రానని గాని అత్తమ్మ అనలేదు.

గృహప్రవేశం నాడు అవ్వ కొత్త గడప బయట కుర్చీ వేసుకొని రోడ్డువైపు చూస్తూ కూర్చుంది. పంతులు గడియారం చూశాడు, బాపు పంతులును చూశాడు, అందరూ కలిసి నన్ను చూశారు. అంతలో ఒక ఆటో వచ్చి ఆగింది. అందులో అత్తమ్మ, ఒడిలో గంజు.

అవ్వ గంజు అందుకొని అంచు తడిమింది. వేలు ఒకచోట ఆగింది. "గిదేందే, సుక్కలెక్కువైనయ్?"

"కొత్తయి కొట్టిచ్చిన. సదువుకున్న పిల్లున్నది గదా, సదువుమను. మొన్నటంత గట్టిగ సదువాలె!"

చదివాను. "బుచ్చమ్మ, కేతేపల్లి. వాపస్ ఇయ్యరాదు."

నవ్వులకు ఆటో డ్రైవర్ కూడా కిందికి దిగాడు. అవ్వ అత్తమ్మ చెయ్యి పట్టుకొని గడప దాటింది. వెనక నుంచి సత్తెవ్వ కూరగిన్నె పట్టుకొని వచ్చింది: "నాదాని మీద గూడ గట్లనే కొట్టిపిద్దామనుకున్న, పేర్లు గొట్టే మిషినాయన దొరకలే!" పాలు అదే గంజులో పొంగాయి.

గిన్నెలు ఇంకా సర్దుతున్నాము. అవ్వ ఒక్కొక్కటి తడిమి, ఇచ్చినవాళ్ళ కథ చెబుతుంది. టైంటేబుల్ చింపేశాను. ఇప్పుడు ఈ సర్దుడే సాధన, ఇదే దావత్.

సమస్త గంజుల, బగోనల, సర్వల సాక్షిగా నేను ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ గిన్నె మీదా విచారణ జరపను. దావత్‌లో నోరు తెరిస్తే తినడానికే తెరుస్తాను. అంతరాత్మ ఏదైనా ఆదేశిస్తే ముందు అవ్వ సంతకం తెమ్మంటాను. అవ్వది వేలిముద్రే, అయినా సరే.

ఇక మీ వంతు. ఈ ఆదివారం మీ సజ్జ ఎక్కి ఒక గిన్నె దించండి. దుమ్ము తుడిచి, పేరు చదివి, ఆ మనిషి ఇంటికి వెళ్ళి రండి. దయచేసి, గిన్నెను మాత్రం ఇంట్లోనే పెట్టి వెళ్ళండి.