మొదటి మాటకే ఒప్పుకున్న మనిషి

కౌంటరు వెనక ఉన్న అమ్మాయి కత్తెర కోసం వెతికి, దొరక్క, గోధుమరంగు టేపును పళ్లతో పట్టి సర్రున చించింది. ఆ చప్పుడుకు నా వీపు దానంతటదే నిటారైంది. కొత్త అట్టపెట్టె వాసన, చిరునామాలు రాసే మార్కరు వాసన ఒక్కసారి ముక్కుకు తగిలాయి. నేను పంపుతున్నది నా సినిమా ఉన్న హార్డ్‌డిస్కు. అది పోవలసింది ఒక చిన్న చిత్రోత్సవానికి. నేను నిలబడింది హైదరాబాదులో, మా ఇంటి పక్క కొరియర్ ఆఫీసులో. కానీ ఆ సర్రుమన్న చప్పుడు నన్ను ఎత్తుకెళ్లి మహబూబ్‌నగర్ బస్టాండు వెనక పార్సిల్ ఆఫీసులో, ఖాజా సాబ్ ఎదుట నిలబెట్టింది. ఆయన కూడా కత్తెర వాడేవాడు కాదు.

నేను నల్లగొండలో బట్టల దుకాణంలో పుట్టానంటే పెద్ద అబద్ధమేమీ కాదు. ఇల్లు దుకాణం వెనకే. మేము చీర ధర రెండింతలు చెప్పడం, గిరాకీ అందులో సగానికి అడగడం, మధ్యలో ఎక్కడో కలుసుకుని ఇద్దరమూ గెలిచామనుకోవడం. ఆ ఇంటి పిల్లలుగా మా అక్షరాభ్యాసం ఇదే. మా బాపు గల్లాపెట్టె మీద చెయ్యి వేసి చెప్పే సూత్రం ఒకటుండేది: "మొదటి మాటకే ఒప్పుకున్నోడు గిరాకీ కాదురా, గండం. గసొంటోని మనసుల ఏదో ఉంటది." ఆ సూత్రాన్ని నేను దుకాణం గడప దాటించి లోకమంతా తిప్పాను. పరీక్షల ముందు దేవుడికి మొక్కినా, తగ్గించుకుంటాడని తెలిసి, ఫస్టు క్లాసే అడిగేవాణ్ని. ఆయన సెకండు క్లాసు దగ్గర తెగ్గొట్టేవాడు. ఇద్దరమూ సంతోషంగానే ఉండేవాళ్లం.

దుకాణం మా అన్నకు పోయింది, నాకు సినిమా పిచ్చి మిగిలింది. తెలంగాణ వచ్చిన కొత్తలో మహబూబ్‌నగర్‌లో ఒక ప్రైవేటు పార్సిల్ సర్వీసులో బుకింగ్ క్లర్కుగా చేరాను. పొద్దున లారీలోంచి దిగే సరుకు, సాయంత్రం లారీకి ఎక్కే సరుకు, మధ్యాహ్నం ఈగలు. ఆ ఈగల వేళలో మారుపేరుతో బ్లాగు రాసేవాణ్ని. చూసిన సినిమాల గురించి, తీయబోయే సినిమా గురించి, ఏమీ తోచనప్పుడు ఆఫీసు గురించి. ఆదివారాలు షూటింగు. జీతం కెమెరా కిరాయికి పోయేది. బ్లాగు చదివినవాళ్లే వేషాలు వేయడానికి వచ్చేవారు. మూడు కాళ్ల పీట అది. ఏ కాలు విరిగినా నేను నేలమీదే. నటులకు డబ్బులివ్వలేక, పోస్టరు మీద పేరు అందరికంటే పెద్దగా వేయిస్తానని బేరం పెట్టేవాణ్ని. అందరికీ అదే మాట ఇచ్చాను కాబట్టి చివరకు పోస్టరులో బొమ్మకు జాగా లేకుండా పోయింది.

ఖాజా సాబ్ ఆ ఆఫీసుకు మేనేజరు. ఒకప్పుడు అక్కడే పెట్టెలు కట్టే పనిలో చేరి, మెట్టు మెట్టుగా ఆ కుర్చీదాకా వచ్చినవాడు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చొక్కాలో, ఎప్పుడూ ఎవరికీ బాకీ లేనట్టు ఉండేవాడు. నవ్వు లేదు. బేరం అసలే లేదు. ఒకసారి జడ్చర్ల నుంచి వచ్చిన పప్పుల వ్యాపారి తూకం దగ్గర అరగంట గొడవపడ్డాడు. సాబ్ కళ్లద్దాలు తీసి, తుడిచి, తూకం మిషను వైపు చూపించాడు.

"నన్నెందుకడుగుతవ్ సేటు? దాన్నడుగు. అది ఒప్పుకుంటే నాకేం ఫికర్ లేదు."

ఆ వ్యాపారి నిజంగానే మిషను వైపు కాసేపు చూశాడు. ఆ సాయంత్రమే నేను బ్లాగులో రాశాను: 'మా మేనేజరు నవ్వడు. నవ్వితే తన తూకం పెరుగుతుందని భయం.' సినిమాల మీద చెమటోడ్చి రాసిన వ్యాసాలకు రాని పాఠకులు ఆ ఒక్క ముక్కకు వచ్చారు.

నేను తీస్తున్న సినిమా ఎవరూ తీసుకోవడానికి రాని ఒక పార్సిల్ కథ. దాని మీద పేరున్న మనిషిని వెతుక్కుంటూ ఒక ముసలమ్మ ఆలంపూర్ దాకా పోతుంది. తుంగభద్రలో నీళ్లు తగ్గి రాళ్లు తేలినప్పుడే ఆ భాగం తీయాలి. వానలు పడితే మళ్లీ ఏడాది ఆగాలి. ముసలమ్మ వేషానికి ఒప్పుకున్న గద్వాల నాటకాల నటి యాదమ్మ అప్పటికే మోకాళ్లు పట్టుకుని నడుస్తోంది. "వచ్చే యేడు నేనుంట గని, నా మోకాళ్లుంటయని జెప్పలేను బిడ్డా" అన్నది. ఆదివారాలతో అయ్యే పని కాదు. వరుసగా ఆరు రోజులు కావాలి. సెలవు దొరక్కపోతే సినిమా పోతుంది. చెప్పకుండా పోతే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే ఎటూ సినిమా కూడా పోతుంది.

ఆరు కావాలంటే ఎంత అడగాలో నాకెవరూ నేర్పక్కర్లేదు. పదిహేను అడగాలి. ఆయన మూడంటాడు. నేను మా మేనత్త ఆపరేషను బయటకు తీస్తాను. నాలుగంటాడు. నేను కళ్లు తుడుచుకుంటాను. ఆరు దగ్గర తెగుతుంది. అద్దం ముందు కళ్లు తుడుచుకోవడం కూడా అభ్యాసం చేసి, ఇంగ్లీషులో రాసిన సెలవు కాగితం పట్టుకుని ఆయన గదిలోకి పోయాను.

"సాబ్, పదిహేను రోజులు సెలవు కావాలె."

ఆయన కాగితం తీసుకున్నాడు. చదివాడు. పెన్ను మూత తీసి సంతకం పెట్టాడు.

నేను కదల్లేదు. మేనత్త నా గొంతులోనే ఉండిపోయింది.

"ఇంకేమన్న ఉన్నదా?" అన్నాడు.

"లేదు సాబ్."

"మల్లెందుకు నిలవడ్డవ్? లారీ వచ్చింది జూడు."

బయటికొచ్చి కాగితాన్ని వెలుతురులో పెట్టి చూశాను. సంతకం సరిగ్గానే ఉంది. నా జన్మలో మొదటిసారి అడిగినదంతా దొరికింది, భయమేసింది. బాపుకు ఫోన్ చేశాను.

"ఏందిరా, ఒక్క మాట గూడ తగ్గియ్యలేదా?"

"లేదు బాపూ."

అటువైపు గల్లాపెట్టె మీద వేళ్లు తడుతున్న చప్పుడు. ఎవరో గిరాకీకి ధర లెక్క కడుతున్నాడేమో అనుకున్నాను. కాదు, మా బాపు ఆలోచిస్తున్నాడు.

"నీ సీట్ల ఇంకోన్ని వెడ్తున్నడు. పదిహేను రోజులంటే వానికి పని నేర్పనీకి సరిపోతది. నువ్వాయిన మీద ఏదన్న రాసినవార?"

తూకం ముక్క గుర్తొచ్చి, ఊఁ అన్నాను. "పోయి తగ్గించుకో," అన్నాడు బాపు. "ఎంత తగ్గితే గంత మంచిది."

అలా మా వంశంలో ఎవరూ చేయని బేరానికి మర్నాడు పొద్దున నేను బయలుదేరాను. నా సరుకుకు నేనే ధర తగ్గించుకునే బేరం.

"సాబ్, పదిహేను ఎక్కువైతయేమో. పన్నెండు సాలు."

ఆయన తలెత్తి చూశాడు. ఏమీ అనలేదు. అమ్మేవాడు మౌనంగా ఉంటే కొనేవాడు భయపడతాడు. ఇక్కడ ఎవరు ఏమిటో కూడా నాకు తెలియడం లేదు.

"పది సాలు సాబ్."

ఆయన పెన్ను మూత బిగించాడు.

"ఎనిమిది. ఎనిమిదిట్ల మొత్తం అయిపోతది."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. దుకాణంలో చీరలన్నీ కిందికి దించినా ఏ ఒక్కటీ ముట్టుకోని గిరాకీలా చూస్తున్నాడు.

"నిజంగ గావాల్సింది ఆరే సాబ్. సినిమా తీస్తున్న. ఆలంపూర్‌ల. మా మేనత్తకు ఏం గాలేదు."

"మేనత్త ఎవరు?" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది, ఆమెను నేనింకా బయటకు తీయనే లేదని.

సాబ్ లేచి, మూలన సగం కట్టిన పెట్టె దగ్గరికి పోయి కూర్చున్నాడు. చేతులకు పని ఉంటేనే ఆయన నోరు తెరిచేవాడు. టేపును పళ్లతో పట్టి చించి అంచుకు అతికిస్తూ అన్నాడు:

"నవ్వితే నా తూకం పెరుగుతదని రాసినవ్ గద."

తలుపు వైపు చూశాను.

"మంచిగనే రాసినవ్. గది ఒక్కటే మంచిగ రాసినవ్. తక్కినయన్ని గీ సెలవు కాయితం లెక్కనే ఉంటయ్. జెప్పాల్సింది ఆరు, రాసేది పదిహేను. సదివేటోడే తగ్గించుకుంటడులే అని."

పత్రికల్లో వచ్చే విమర్శలు చదివి రాయడం నేర్చుకున్నాననుకునేవాణ్ని. అట్టపెట్టె ముందు గొంతుక్కూర్చున్న ఆయన నా రాతలో రోగం పేరు చెప్పాడు. బిత్తరపోయి నిలబడి, తెగించి అడిగేశాను.

"మరి నిన్న ఎందుకు ఒప్పుకున్నరు సాబ్? జర తగ్గించొచ్చు గద?"

ఆయన చేతులు ఆగాయి.

"సరుక్కు బేరముంటది. మనిషి రోజులకేం బేరం?" అని, మళ్లీ టేపు అందుకున్నాడు. "మా అమ్మీ దవాఖానల ఉన్నప్పుడు నేను వారం అడిగిన. అప్పటి పెద్దసారు మూడన్నడు. నేను గూడ నీ లెక్కనే, బతిలాడి బామాలి నాలుగు జేసుకున్న. గెలిచిన అనుకున్న. గెలిచినోన్ని డ్యూటీకొచ్చి గిట్లనే పెట్టె ముంగట గూసున్ననో లేదో, దవాఖాన నుంచి ఫోనొచ్చింది."

పెట్టె తిప్పి అడుగున అతికించాడు. అరచేత్తో గట్టిగా రుద్దాడు. ఏడుపు లేదు, కోపం లేదు. తూకం చదివినట్టు చెప్పాడు. నేను వంగి పెట్టె అంచు పట్టుకున్నాను.

"పదిహేను మీద సంతకం జేసిన. నా మాట ఒక్కటే ఉంటది. ఆరు దినాలు సినిమా తియ్యి. తక్కినయి నీయి. పో, లారీ వచ్చింది."

ఆలంపూర్‌లో ఎండకు రాళ్లు పెనంలా కాలాయి. యాదమ్మ ప్రతి షాటుకూ ఒక తిట్టు, ఒక అద్భుతం ఇచ్చింది. మిగిలిన రోజుల్లో గదిలో కూర్చుని, తీసినదాన్ని కోస్తూ పోయాను. ఒకే మాటను మూడుసార్లు చెప్పించిన చోటల్లా సాబ్ టేపు చప్పుడు వినపడేది, రెండు తీసేసేవాణ్ని. తిరిగొచ్చాక హమాలీ నర్సింహ చెప్పాడు, ఆ రోజులన్నీ నా కౌంటరులో సాబే కూర్చున్నాడని. నా సీట్లోకి కొత్తవాడెవడూ రాలేదని బాపుకు చెబితే, "అయితే ఇంకా పెద్దదేదో ప్లాను ఉన్నది" అన్నాడు. ఆయన్ని ఎవరూ మార్చలేరు.

సినిమాకు ఒక ముక్క తక్కువైంది. పార్సిల్ కట్టే మనిషి కావాలి. భయపడుతూనే అడిగాను. ఈసారి పదిహేను అడగలేదు.

"సాబ్, మీరు పెట్టె కట్టుడు ఒక్కటి తీసుకుంట. అంతే."

"మొఖం వద్దు. చేతులు దీసుకో."

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయనే తాళం తీసి షట్టరు పైకి లేపాడు. కిటికీ వెలుతురులో ఆ చేతులు పెట్టెను మడిచాయి, తిప్పాయి, అతికించాయి, చివర అరచేత్తో రుద్దాయి. నేను 'కట్' చెప్పడం మరిచాను. తీసింది ఫోనులో చూపిస్తే, కళ్లద్దాలు పెట్టుకుని చూసి, తన చేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"గివి నాయేనా?" అన్నాడు.

ఆ తర్వాతి చలికాలంలో ఒక పొద్దున పోతే ఆఫీసు షట్టరు దించి ఉంది. నేనెంత ముందుగా వచ్చినా ఆ షట్టరు మూసి ఉండగా ఎప్పుడూ చూడలేదు. తప్పు వీధికి వచ్చానేమోనని బోర్డు చదివాను. మెట్ల మీద నర్సింహ కూర్చుని ఉన్నాడు.

"సాబ్ పోయిండన్నా. పొద్దుగాల నమాజు జేసి కూసున్నడంట. గట్లనే."

ముందు రోజు సాయంత్రమే నాతో "రేపు గద్వాల సరుకు ముందు దింపియ్యి" అన్నాడు. నేను నర్సింహకు ఆ మాటే చెప్పాను. "గద్వాల సరుకు ముందు దింపాలె." వాడు నా మొఖం చూసి, "సరే అన్నా" అన్నాడు.

కొన్నాళ్లకు సాబ్ కూతురు నస్రీన్ ఆఫీసుకు వచ్చింది. బడిలో టీచరు. నాన్న కళ్లద్దాల డబ్బా, టిఫిను తీసుకుపోవడానికి వచ్చి, నన్ను చూసి ఆగింది.

"బ్లాగు మీరే గదన్నా? మారుపేరున్నా, ఆఫీసు ముచ్చట్లు ఇనంగనే మీరేనని అబ్బా గుర్తువట్టిండు. ఆయనకు తెలుగు సదవరాదు. నేనే సదివి వినిపిస్తుంటి. మీరు రాయని వారం, నెట్టు పనిచేస్తలేదేమో జూడమని నా పానం దీసేటోడు."

నాకు సిగ్గేసింది. "నవ్వడని రాసింది కూడా విన్నరా?"

"అయ్యో, గది ఎన్నిసార్లు సదివించుకున్నడో! కడుపు వట్టుకొని నవ్వేటోడు. నవ్వి నవ్వి, కండ్లు తుడ్సుకుంట, ఇగో నా తూకం పెరిగింది జూడు అనేటోడు."

ఆమె వెళ్లిపోయాక చాలాసేపు తూకం మిషను వైపు చూస్తూ కూర్చున్నాను. అన్నేళ్లు ఎదుట కూర్చుని ఆయనకు నవ్వు లేదని నేను తేల్చేశాను. అది ఇంట్లో ఉంది.

ఇప్పుడు ఇంకో ఉద్యోగం, ఇంకో ఊరు. పీటకు ఆ మూడు కాళ్లూ ఇంకా ఉన్నాయి, ఏదీ సమంగా లేదు. సినిమా పూర్తికావడానికి నేననుకున్న దానికంటే ఏళ్లు పట్టింది. పోయిన వారం చిత్రోత్సవం వాళ్లు ఫోన్ చేసి, అంతా బాగుంది, ఆ చేతుల షాటు మాత్రం మరీ పొడుగు, సగం చేస్తే తీసుకుంటామన్నారు. మా బాపు కొడుకైతే మూడొంతులుంచి ఒక వంతు వదులుకునేవాడు. నేను మాత్రం, అది అంతే ఉంటుంది, వద్దనుకుంటే మీ ఇష్టం అన్నాను. ఆలోచించి చెబుతామని ఫోన్ పెట్టేశారు. నిజంగానే వద్దంటారనుకున్నాను. రెండు రోజుల తర్వాత, పంపండి చూద్దాం అన్నారు. తీసుకుంటారో లేదో ఇప్పటికీ తెలియదు. పంపుతున్నది మాత్రం పూర్తి చేతులే.

"ఎప్పటికి చేరాలె సార్?" కౌంటరులోని అమ్మాయి అడిగింది.

నాలుక అలవాటుగా 'రేపే' అనడానికి లేచింది. కావలసింది శనివారానికి. రేపంటే తప్ప అప్పటికి చేరదని పార్సిల్ ఆఫీసులో పనిచేసిన నాకు తెలియదా?

"శనివారానికి చేరితే చాలమ్మా."

ఆమె రాయడం ఆపి తలెత్తింది. "అందరు రేపే అంటరు సార్."

"నాకు శనివారమే."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. అచ్చం మా బాపు చూపు. ఈయన మనసులో ఏదో ఉందన్న చూపు. పెట్టెను దగ్గరికి లాక్కుని, అటూ ఇటూ కదిపి చూసి, నమ్మకం కుదరక, టేపు చివర మళ్లీ పళ్లతో పట్టుకుంది.