హోసూరులో సముద్రం పక్కిల్లు

మా ఇంటి నుంచి సముద్రం నడిచిపోయేంత దూరమే అని ప్రపంచానికంతా చెప్పినోడు ఎవరో తెలుసా? నేనే. నవ్వండప్పా, ఫర్వాలేదు. హోసూరులో ఎటు నడిచినా ఏదో ఒక కంపెనీ గేటో, బెంగళూరు బస్సో తగులుతుంది గానీ సముద్రం తగలదని నాకూ తెలుసు. అయినా రాసినాను. ఎట్ల రాసినానో చెప్తాను, టీ తాగతా వినండి.

స్కూటర్ల కంపెనీలో, బండ్లకు రంగు కొట్టే పెయింట్ షాపులో రిటైర్ అయినాను గదా. ఆ పొద్దు నుంచి మా సరోజకు ఒకటే కోరిక. సముద్రం పక్కన కొన్నాళ్ళు కాపురం ఉండాల. చూసి రావడం కాదు, ఉండాల. ఆమె సముద్రాన్ని చూసింది ఒకేసారి. మద్రాసులో ఎవరిదో పెండ్లికి పోయినప్పుడు, అదీ బస్సోడు హారన్ కొట్టేదాకా. నా షిఫ్టుల కోసం ఏండ్ల తరబడి చీకట్లో లేచి క్యారియర్ కట్టిన మనిషి. పొద్దున లేచి ఏ పనీ లేకుండా అలలు చూస్తా కూర్చోవాల అని అడిగితే కాదనేదానికి నాకు నోరు రాలేదు.

ఈ కాలంలో రిటైర్ అయినోళ్ళు విదేశాల్లో బీచ్ పక్కన ఇల్లు బాడిగకు తీసుకొని నెలల తరబడి ఉంటారంట. వాకింగులో ఒకాయప్ప చెప్పినాడు. దానికని వెబ్‌సైట్లు కూడా ఉండాయంట. ఇంక చూడండి, దినమ్మూ టిఫన్ అయినంక ఇద్దరమూ ఫోన్ ముందర కూర్చునేది. వియత్నాం, థాయిలాండ్, మలేషియా, ఒక్కొక్క ఇల్లూ తలుపు తలుపూ చూసినాము. సరోజకు వచ్చే అనుమానాలు ఇన్నీ అన్నీ కాదు. ఆ గాలికి ఉప్పు డబ్బాలో ఉప్పు నీళ్ళవుతుందా? ఆడ రాగిపిండి దొరుకుతుందా? అలల చప్పుడు పగలొక తీరుగా, రాత్రొక తీరుగా ఉంటుందా? నాకేమో ఆ ఉప్పుగాలికి గేటు పెయింట్ ఎన్నాళ్ళు నిలుస్తుందా అని. పాస్‌పోర్టులు కూడా తీసి పెట్టినాము.

ఆఖరికి ఒక సైట్లో పేరు రిజిస్టర్ చేసినాను. మీ గురించి రాయండి అన్నింది. రిటైర్ అయిన దంపతులం, ఇంట్లో తెలుగు మాట్లాడతాము, హోసూరు అని రాసినాను. ఇంటి ఫోటోలు పెట్టండి అన్నింది. మనం ఇల్లు శుభ్రంగా పెట్టుకుంటామా లేదా అని ఓనర్లు చూస్తారేమో అనుకున్నాను. న్యాయమే గదా, మనం మాత్రం బాడిగకు ఇచ్చేముందు చూడమా? మిద్దె మీద పోర్షన్ ఖాళీగా, సున్నం కొట్టి ఉండింది. దాన్నే ఫోటోలు తీసి పెట్టినాను. ఇల్లు ఎట్ల ఉంటుంది అని ఇంకొక గడి. ఎట్ల ఉండాల అని అడుగుతా ఉండారనుకొని సరోజనే అడిగి నింపినాను. సముద్రం నడిచిపోయేంత దూరంలో. కిటికీలోంచి అలలు కనబడాల. మోకాళ్ళ నొప్పి కాబట్టి వెస్ట్రన్ టాయిలెట్.

అర్థమైంది గదా. ఇల్లు వెదికే పక్క గాకుండా, ఇల్లు బాడిగకు ఇచ్చే పక్క దూరి కూర్చున్నాను.

కొన్నాళ్ళకు పెనాంగ్ నుంచి ఒక మెసేజ్ వచ్చింది. మలేషియాలో సముద్రం పక్కనుండే ఊరు అది. అప్పన్న అని పేరు, రిటైర్ అయిన స్కూల్ టీచర్. తెలుగాయనే! ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసినాడు. మీ వివరాలు చూసి మాకు చాలా సంతోషమైంది, మీకు ఎప్పుడు వీలు అని. చూస్తివా, తెలుగు ఓనరే దొరికినాడు అని సరోజను పిలిచినాను. మే నెలంతా వీలే అని కొట్టినాను. ఎయిర్‌పోర్టు నుంచి ఎంత దూరం అన్నాడు. పాపం, మేము ఎయిర్‌పోర్టుకు ఎట్ల పోతామో అని దిగులు పడుతున్నాడనుకొని ట్రాఫిక్‌ను బట్టి అని చెప్పినాను. మీ ఇంట్లో వంటగిన్నెలు ఉన్నాయా అన్నాడు. గిన్నెలు మోసుకొని రావద్దని చెప్పేదానికి అడుగుతాడు గాబోలు అనుకొని, కావలసినన్ని ఉండాయి అన్నాను. శనివారం మధ్యాహ్నం కలుద్దాం అన్నాడు.

వీడియో కాల్ అనుకున్నాము.

శనివారం సరోజ పట్టుచీర కట్టింది. నేను ఇస్త్రీ చొక్కా వేసి, ఫోన్‌ను చెంబుకు ఆనించి, ఇద్దరమూ సోఫాలో ఫోటోకు కూర్చున్నట్ల కూర్చున్నాము. ఫోన్ మోగలా. గేటు దగ్గర కారు హారన్ మోగింది. ఎవరో అడ్రస్ తప్పి వచ్చినారని పోయి, ముఖ్యమైన కాల్ వచ్చే టైము, ఈడ ఆపొద్దప్పా అని డ్రైవర్‌ను కసిరినాను. కారులోంచి తెల్లజుట్టు పెద్దాయన దిగి చేతులు జోడించినాడు. ఆయన వెనకాల ఒక పెద్దమ్మ, వాళ్ళ వెనకాల నాలుగు సూట్‌కేసులు.

"నమస్కారమండీ, నేను అప్పన్న. ఈవిడ మా సూరమ్మ," అన్నాడు. మా వీధి ఆ చివరి నుంచి ఈ చివరిదాకా చూసి, మెల్లగా అడిగినాడు. "సముద్రం ఎటువైపండీ?"

అప్పుడుగానీ ఫోన్ తీసి ఆ సైట్ సరిగ్గా చదవలా. మా మిద్దె ఫోటో, మా కిటికీ ఫోటో, వాటి కింద నేను రాసిన సముద్రం. సరోజ నా భుజం మీదుగా చూసింది. నాకంటే ముందు ఆమెకే అర్థమయింది.

"సముద్రం లేదమ్మా," అన్నింది సూరమ్మతో. "మా ఆయన ఏందో నొక్కినాడు. ముందు లోపలికి రండి."

వాళ్ళు లోపలికి వచ్చినారు. సూరమ్మ కాఫీ గ్లాసు పట్టుకొని కిటికీలోంచి వీధినే చూస్తా ఉండింది. నేను తప్పంతా నాదే, బెంగళూరులో మంచి హోటల్ చూసి నేనే దిగబెడతాను, టికెట్టు మార్చే పని కూడా నేనే చూస్తాను అని చెప్తానే ఉండాను. టికెట్టు సంగతి వింటానే సరోజ నా వైపు చూసిన చూపు చెప్పను. ఆ పొద్దు నేను ఇంకేమీ నొక్కకూడదని దాని అర్థం.

అప్పన్న కాఫీ గ్లాసు కింద పెట్టి వాళ్ళ సంగతి చెప్పినాడు. వాళ్ళ తాత ఎప్పుడో విశాఖపట్నం పక్క నుంచి రబ్బరు తోటల పనికి ఓడెక్కినాడంట. ఏ ఊరో ఇప్పుడు ఎవరికీ తెలీదు. ఇంట్లో వీళ్ళిద్దరూ తప్ప తెలుగు మాట్లాడేవాళ్ళు లేరంట.

"సముద్రం మా ఇంటి ముందే ఉందండీ," అన్నాడు. "తెలుగే లేదు. ఇంట్లో తెలుగు మాట్లాడతామని మీరు రాశారు. అది చదివే వచ్చాం. సముద్రం ఎందుకంటే, ఆ చప్పుడు లేకపోతే ఈవిడకి నిద్ర పట్టదు."

ఈ ఒక్క రాత్రికి ఉండండి అని సరోజ మిద్దె మీద పరుపులు వేసింది. పొద్దున సూరమ్మ కిందికి దిగి వచ్చింది, ముఖం కళగా ఉంది. హాయిగా నిద్ర పోయిందంట. అలల చప్పుడు వినిపిస్తానే ఉండిందంట, సముద్రం లేదని అబద్ధం ఎందుకు చెప్పినారు అని నన్నే అడిగింది. అది హైవే మీద పోయే లారీల చప్పుడు. చెప్పాలా వద్దా అని నేను ఆలోచించేలోపల సరోజే చెప్పేసింది. సూరమ్మ నవ్విన నవ్వుకు కాఫీ ఒలికిపోయింది.

ఆ ఒక్క రాత్రి నెలయింది. నీళ్ళు చూపించకపోతే నా మనసు ఒప్పుకోదని ఒకనాడు కృష్ణగిరి డ్యాముకు తోలుకొని పోయినాను. ఎండాకాలం గదా, నీళ్ళు యాడో అడుగున ఉండాయి. అప్పన్న గట్టు మీద నిలబడి చాలాసేపు చూసి, బాగుంది అని మర్యాదగా చెప్పినాడు. వచ్చేటప్పుడు మామిడి మండీలో దిగినాము. ఆడ ఆయప్పను పట్టుకునేదానికి కాలేదు. ప్రతి అంగడి ముందరా నిలబడి కాయ పేరు అడిగేది, మండీవాళ్ళు తమిళంలో చెప్తే తెలుగులో ఏమంటారు అని మళ్ళా అడిగేది. ఇంట్లో సూరమ్మ రాగిముద్ద కెలకడం నేర్చుకునింది. సరోజేమో ఉప్పు డబ్బా సంగతి మొదలుకొని తన అనుమానాలన్నీ ఆమెనడిగి తీర్చుకునింది. ఉప్పు నీళ్ళవుతుందంట, బియ్యం గింజలు నాలుగు వేయాలంట.

పోయే దినం దగ్గర పడేసరికి సూరమ్మ ఒకటే పట్టు, మీరిద్దరూ మాతోనే రండి, మా మేడ మీద గది ఖాళీగానే ఉంది అని. పాస్‌పోర్టులు ఉండనే ఉండాయి. సూట్‌కేసులు కొన్నాము. సరోజ రాగిపిండి కూడా కట్టింది.

ఇంతలో అప్పన్న ఆ సైట్లో మా ఇంటిని గురించి మంచిగా నాలుగు మాటలు రాసినాడు. సముద్రం లేదు, మనుషులు బాగా చూసుకుంటారు అని. దాని కింద ఏదో బటన్ కనబడింది. థాంక్స్ చెప్పేదేమో అని నొక్కినాను. అది ఇంకెవరో అడిగిన బుకింగుకు సరే అని చెప్పే బటన్. పూణే నుంచి రిటైర్ అయిన దంపతులు, సరిగ్గా మేము విమానం ఎక్కే పొద్దే దిగుతారంట. రద్దు చేస్తానని సరోజతో అంటే, ఇంకొకరిని గేటు ముందర నిలబెట్టేదానికి మనసెట్ల వస్తుంది నీకు అన్నింది. నువ్వుండు, నేను పోయొస్తా అన్నింది. పోయింది.

ఇప్పుడు ఆమె పెనాంగ్‌లో ఉంది. నేను ఈడ పూణేవాళ్ళకు టిఫన్ చేస్తా ఉండాను. ఈ పొద్దు వీడియో కాల్ చేసి, ఏం చేసినావు అని అడిగింది. ఉప్మా అన్నాను. ఉండలు కట్టిందా అన్నింది. మాట మార్చాలని, అలలు ఎట్లుండాయో చూపించు అన్నాను. ఆమె ఫోన్‌ను సముద్రం వైపు తిప్పింది. నేను నా ఫోన్‌ను బాణలి వైపు తిప్పినాను.