గది ఇచ్చిన మామ్మ

మామ్మ పోయిందని సోమవారం పొద్దున్నే వాళ్లబ్బాయి ఫోన్ చేసి చెప్పారు. ఆవిడ నాకు సొంత మామ్మ కాదు. చోడవరంలో నేను మొట్టమొదట అద్దెకున్న ఇంటి యజమానురాలు.

పిల్లల హోమ్‌లో పెరిగిన మేము పద్దెనిమిదేళ్లు నిండాక బయటికి రావాలి. నాకు బట్టల కొట్లో పని దొరికింది గానీ గది దొరకలేదు. అమ్మానాన్నా ఏరీ అని అడిగేవారు. లేరనగానే తలుపేసేవారు. మామ్మ మాత్రం వేరే ప్రశ్న అడిగింది.

"పొద్దున్నే లెగుస్తావేటి?"

లేస్తానన్నాను.

"అయితే ముగ్గు నువ్వెయ్యి. నాకు నడుం వంగట్లేదు" అని తాళంచెవి చేతిలో పెట్టింది.

హోమ్‌లో తినడానికీ పడుకోవడానికీ గంట కొట్టేవారు. ఆ అలవాటు పోక, బజారుకెళ్లాలన్నా మామ్మ ముందు నిలబడేదాన్ని.

"మామ్మా, బయటికెళ్లొచ్చా?"

"నన్నేటే అడుగుతావు? కాళ్లు నీయి కావేటే గుంటా?"

నిజంగానే కోప్పడేది. గ్యాస్ బండ మార్చడం, బ్యాంకులో ఫారం నింపడం, ఏదీ తను చేసిపెట్టలేదు. "నేనుండగానే నేర్సుకో" అంటూ పక్కన నిలబడేది, అంతే. అప్పట్లో ఆవిడకి జాలి లేదనుకునేదాన్ని.

ఒకరోజు కొట్లో తోటిపిల్లతో గొడవపడి, పని మానేసి, సంచి సర్దుకుని హోమ్‌కి వెళ్లిపోయాను. నా మంచం మీద ఎవరో కొత్త పాప నిద్రపోతోంది. ఎవర్నీ పలకరించకుండా తిరిగొచ్చేశాను. మామ్మ గుమ్మంలోనే ఉంది.

"కాళ్లు కడుక్కుని రా. రేపు కొట్టుకి నేనూ వస్తాను. మాటాడేది మాత్రం నువ్వే."

అన్నట్టే వచ్చింది. కొంగు భుజాన కప్పుకుని వీధిలోనే నిలబడింది. లోపల నేనే మాట్లాడాను. పోయిందనుకున్న పని నిలబడింది.

మూడేళ్లకి అనకాపల్లిలో ఉద్యోగమొచ్చి, అక్కడ చిన్న ఇల్లు తీసుకున్నాను. ఓ ఆదివారం మామ్మ కబురైనా చెయ్యకుండా బస్సెక్కి వచ్చేసింది.

"ఏటలా సూస్తావు? సుట్టమొచ్చింది, మంచినీళ్లియ్యవా?"

నా ఇంటికి చుట్టం రావడం అదే మొదలు. గ్లాసు పట్టుకుని ఏడుస్తూ నిలబడిపోయాను.

భోజనమయ్యాక చాప మీద ఒత్తిగిలి, చెంప కింద చెయ్యి పెట్టుకుని, కూతురింట్లో పడుకున్నట్టు హాయిగా నిద్రపోయింది. కరెంటు లేదు. పక్కన కూర్చుని, ఆవిడ నుదుటి మీద చెమట ఆరేదాకా, పాత న్యూస్‌పేపరు మడిచి విసురుతూనే ఉన్నాను.